అప్‌డేట్: బస్టాండు రోడ్డులో లైట్లు వెలిగాయి (గంజాం జిల్లా, ఒడిశా)

బస్టాండు నుంచి మా తెలుగువాళ్ల వీధి దాకా లైట్లు వెలగడం లేదు, చీకటి పడితే ఆడవాళ్లు నడవలేకపోతున్నారు, ఎవరిని అడగాలి అని ఇక్కడ రాశాను. ఆ సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఒక అక్క చెప్పిన ఉపాయం: వార్డు కౌన్సిలర్‌ని రాత్రిపూట మాతో నడవమని అడగడం. కౌన్సిలర్ గారు వచ్చారు. ట్యూషన్ పిల్లలు, కూరగాయలమ్మే ఆడవాళ్లు, చక్రాల కుర్చీలో మా పిన్ని, అందరం కలిసి వెళ్లాం. వెలగని ప్రతి స్తంభం నంబరూ, మూతలేని ప్రతి కాలువా రాసుకున్నాం. ఒడియాలో అర్జీ రాసి, కలెక్టరు, ఎస్పీ కలిసి వినే జాయింట్ గ్రీవెన్స్‌లో ఇచ్చాం. ఇంజనీరు వచ్చి చూస్తే బల్బులు బాగానే ఉన్నాయి. కాలువ తవ్వినప్పుడు భూమిలో కేబుల్ తెగిందట!

కరెంటు ఆఫీసుకి వెళ్లడం అనవసరం, వీధి లైట్ల బాధ్యత మున్సిపాలిటీదే. కొందరు పెట్టించమన్న సీసీ కెమెరాల అవసరమూ రాలేదు.

తోపుడుబళ్లు తీయించేయమన్న సలహా మాత్రం నేను ఒప్పుకోను. రాత్రి ఆ రోడ్డులో నలుగురు మనుషులు కనబడేది ఆ బళ్ల వల్లే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వ్యాపారుల సర్వే పూర్తయి, అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వాళ్లను ఖాళీ చేయించకూడదు. వీధి వ్యాపారాల సంగతులు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, అందులో మూడోవంతు ఆడవాళ్లు. మీ ఊళ్లో ఆ కమిటీ ఉందో లేదో తప్పకుండా అడగండి.

ఇంకా మిగిలింది బస్టాండు మరుగుదొడ్డి ర్యాంపు. కుర్చీ ఎక్కనంత నిటారుగా ఉంది. 1:12 వాలుతో (అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు) మళ్లీ కట్టమని అర్జీ పెట్టాం.