డిసెంబర్ చివర్లో మైలాపూర్: మూడు రోజుల్లో కచేరీలు, గుడి, టిఫిన్లు ఎలా కుదురుతాయి?

ఒంగోలు_రైలు (ప్రశ్న)

డిసెంబర్ 20 దాటాక మూడు రోజులకి చెన్నై వస్తున్నాం. నలుగురం. అందులో ఇద్దరు డెబ్బై దాటిన పెద్దవాళ్ళు. నెమ్మదిగా నడుస్తారు, మెట్లు ఎక్కువైతే ఇబ్బంది. బస మైలాపూర్‌లోనే చూసుకున్నాం. మాల్స్, రిసార్టులు అక్కర్లేదు. కపాలీశ్వరుడి గుడి, మాడ వీధులు, మంచి టిఫిను, రోజుకో కచేరీ చాలు. నా అనుమానాలు ఇవి: సెంట్రల్ నుంచి ఎలా రావాలి? మ్యూజిక్ అకాడమీ టికెట్లు బయటివాళ్ళకి దొరుకుతాయా? దేని తర్వాత ఏది పెట్టుకోవాలి? పాపకి కూచిపూడి నగలు కూడా కొనాలి.

మాడవీధి

మైలాపూర్‌ని గడియారం చూసి తిరగాలండి, మ్యాపు చూసి కాదు. గుడి మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో మూసి మళ్ళీ నాలుగింటికి తీస్తారు. మంచి మెస్సులు పొద్దున పదిన్నరకే కట్టేస్తాయి. తీరిగ్గా తయారై పదకొండింటికి గది వదిలిన వాళ్ళకి ఎండా, మూసిన తలుపులూ మిగులుతాయి.

సెంట్రల్‌లో దిగితే రోడ్డు దాటి పార్క్ టౌన్ స్టేషన్‌లో వేళచ్చేరి వైపు వెళ్ళే ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు ఎక్కండి. దిగాల్సింది తిరుమయిలై స్టేషన్. అక్కణ్ణుంచి ఆర్.కె. మఠం రోడ్డు మీద దక్షిణంగా కాస్త నడిస్తే కోనేరు. కానీ ఆ లైను స్టేషన్లు ఎత్తు మీద ఉంటాయి, సామాన్లతో పెద్దవాళ్ళకి మెట్లు కష్టం. వచ్చిన రోజు ఆటోయే నయం, యాప్‌లో బుక్ చేస్తే బేరం గొడవ ఉండదు. లజ్ కూడలి దగ్గర మెట్రో రెండో దశ పనుల వల్ల దారి మళ్ళింపులున్నాయి. డ్రైవర్‌కి "లజ్" అని కాకుండా మీ వీధి పేరు చెప్పండి.

గుడి సంగతి. అందరూ ఫోటో తీసుకునే పెద్ద గోపురం తూర్పున ఉంది, సుమారు 37 మీటర్లు, 1906 నాటిది. స్వామి మాత్రం పడమటి ముఖం. ధ్వజస్తంభం, నంది అన్నీ పడమట కోనేటి వైపే. తూర్పున ప్రవేశిస్తే గుడి చుట్టూ సగం తిరిగి ఎదురుకి రావాలి. పెద్దవాళ్ళని పడమటి ద్వారం దగ్గర దింపండి, దర్శనానికి నడక తగ్గుతుంది. కర్పగాంబాళ్ అమ్మవారు దక్షిణ ముఖం. ప్రాకారంలో పున్నాగ చెట్టు కింద అమ్మవారు నెమలి రూపంలో శివుణ్ణి పూజించే సన్నిధి ఉంది, ఊరి పేరులోని "మయిల్" (తమిళంలో నెమలి) అదే. చాలామంది చూడకుండానే బయటికి వచ్చేస్తారు.

ఫోటోలకి: తూర్పు గోపురం ముఖం మీద వెలుగు పడేది ఉదయం. కోనేటి పడమటి గట్టు నుంచి తీసే ఫోటో సాయంత్రం నాలుగున్నర తర్వాతే బాగుంటుంది. పొద్దున అక్కడ నుంచుంటే సూర్యుడు ఎదురుగా ఉండి గోపురాలు నల్లగా వస్తాయి.

మీరొచ్చేది ధనుర్మాసంలో కాబట్టి గుడి మామూలు కంటే ముందే తీస్తారు. తెల్లవారుజామున మాడ వీధుల్లో భజన బృందాలు పాడుతూ ప్రదక్షిణగా వస్తాయి. ఒకప్పుడు పాపనాశం శివన్ ముందుండి నడిపించిన సంప్రదాయం ఇది. ఐదున్నరకల్లా నార్త్ మాడ వీధిలో ఉంటే ముగ్గులు వేస్తుండగా చూడొచ్చు. ఏడు దాటితే వాటి మీద బళ్ళు తిరిగేస్తుంటాయి.

తని_ఆవర్తనం

టికెట్ల గురించి నేను చెప్తాను.

అకాడమీ ఉత్సవం డిసెంబర్ 15 నుంచి జనవరి 1 దాకా. సీజన్ టికెట్లు సభ్యులకీ దాతలకీ పోగా మిగిలినవి ఏ రోజువి ఆ రోజు ఉదయం కౌంటర్‌లో అమ్ముతారు. పేరున్న గాయకుల సాయంత్రం కచేరీకి తెల్లవారకముందే క్యూ కడతారు. దానికోసం పెద్దవాళ్ళ నిద్ర పాడుచేయొద్దు. బాల్కనీ టికెట్ చౌక, శబ్దం బాగానే వినిపిస్తుంది, కానీ మెట్లెక్కాలి.

మీకు పనికొచ్చేది మధ్యాహ్నం. అకాడమీలో పన్నెండింటికీ, రెండింటి లోపుగా ఇంకోటీ ఉండే కచేరీలకు టికెట్ అక్కర్లేదు, ఉచితం. పాడేది యువ కళాకారులు. వచ్చే పదేళ్ళలో సాయంత్రం వేదిక ఎక్కబోయేది వీళ్ళే, ఎవరి గొంతులోనూ నిర్లక్ష్యం ఉండదు. గుడి మూసి ఉండే నాలుగు గంటలూ చల్లని హాల్లో గడిచిపోతాయి. ఉదయం ఎనిమిది ప్రాంతంలో లెక్చర్ డెమాన్‌స్ట్రేషన్లు ఉంటాయి. ఒక రాగాన్నో ఒక వాగ్గేయకారుణ్ణో తీసుకుని గంటసేపు విప్పి చెప్తారు. సంగీతం కొంత తెలిసినవాళ్ళకి సాయంత్రం కచేరీ కంటే ఇదే విలువైనది.

అకాడమీ టీటీకే రోడ్డులో ఉంది, లజ్ నుంచి దాదాపు రెండు కిలోమీటర్లు. అంత దూరం వద్దనుకుంటే గుడి పక్కనే ఈస్ట్ మాడ వీధిలో భారతీయ విద్యాభవన్ ఉంది. అక్కడ చాలా కచేరీలకు టికెట్ ఉండదు. నాగేశ్వరరావు పార్కు వెనక లజ్ అవెన్యూలో రాగసుధ చిన్న హాలు. మైకు హోరు లేకుండా వీణ, వేణువు వినాలంటే ఇలాంటి చోటికే వెళ్ళాలి. ఇంకా మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్ క్లబ్, రసిక రంజని సభ, నారద గాన సభ ఉన్నాయి. నవంబర్ చివరికల్లా సభల (కచేరీలు పెట్టే సంగీత సంస్థల) సైట్లలో కార్యక్రమాలు పెట్టేస్తారు. ఒకే గాయకుడు సీజన్‌లో నాలుగైదు సభల్లో పాడతాడు. అకాడమీలో దొరక్కపోతే పక్క సభలో చూడండి.

సాయంత్రం కచేరీ రెండున్నర గంటల పైనే. వర్ణం, రెండు మూడు చిన్న కృతులు అయ్యాక గంట దాటిన దగ్గర ప్రధాన కృతి వస్తుంది: ఆలాపన, కృతి, నెరవల్, స్వరాలు, ఆ తర్వాత మృదంగం వాళ్ళ తని ఆవర్తనం, అంటే తాళవాద్యం ఒక్కటే వాయించే భాగం. చాలామంది క్యాంటీన్‌కి లేచేది సరిగ్గా ఈ తనిలోనే. ఇది సీజన్‌లో అందరూ తిట్టుకునే, అందరూ చేసే తప్పు. మీరు చేయకండి. త్యాగరాజ కృతి ప్రధానంగా ఎత్తుకుంటే నెరవల్‌లో ఒకే తెలుగు పాదాన్ని పది రకాలుగా తిప్పుతారు. పక్కన కూర్చున్న తమిళ రసికుడు పుస్తకం చూసి అర్థం తెలుసుకుంటుంటే మీకది నేరుగా అందుతుంది.

పాట మధ్యలో లోపలికి రానివ్వరు, ఐదు నిమిషాల ఆలస్యానికి ఇరవై నిమిషాలు తలుపు దగ్గర నిలబడాల్సి రావచ్చు. ఏసీ గట్టిగా ఉంటుంది, శాలువాలు మర్చిపోవద్దు. రికార్డింగ్ కుదరదు.

కాఫీ_గ్లాసు

సభ క్యాంటీన్లు టికెట్ లేనివాళ్ళకీ తెరిచే ఉంటాయి. కొందరు తినడానికే వస్తారు, పాపం వాళ్ళని నవ్వకూడదు. రెండు సాయంత్రపు కచేరీల మధ్య, ఆరు నుంచి ఆరుముప్పావు దాకా కాలు పెట్టలేరు. మూడున్నరకి వెళ్ళండి, ఆకు కూర వడ, అడై అవియల్ (పప్పుల అట్టు, కూరగాయల కూర) వేడిగా దొరుకుతాయి.

బయట అయితే: అరుండేల్ వీధిలో రాయర్ మెస్ చిన్న గది, బయట నిలబడి వంతు కోసం చూడాలి. ఇడ్లీ, పొంగల్, వడ. సోమవారం సెలవు. పెద్దవాళ్ళని నిలబెట్టలేకపోతే ఈస్ట్ మాడ వీధి కర్పగాంబాళ్ మెస్ మేలు, కూర్చోవడానికి చోటుంటుంది, బాదం హల్వా తప్పకుండా అడగండి. పొన్నంబల వాద్యార్ వీధిలో జన్నల్ కడై అని ఉంది. బోర్డు వెతక్కండి, ఒక ఇంటి కిటికీ ముందు గుంపు కనిపిస్తే అదే. కిటికీలోంచి ఆకులో బజ్జీ అందిస్తారు, రోడ్డు మీదే తినాలి. పొద్దునా సాయంత్రమూ కొన్ని గంటలే ఉంటుంది. గుడి దగ్గర కాళత్తి పేపర్ల కొట్టులో రోజ్ మిల్క్ తాగండి. తీపి ఎక్కువ, ఇద్దరికి ఒకటి చాలు.

ఫిల్టర్ కాఫీ పొడి తీసుకెళ్ళేట్టయితే మీ ఎదుటే గింజ పట్టించండి. చికోరీ ఎంత కలపాలని వాళ్ళే అడుగుతారు. 80:20 అంటే ఇంట్లో అందరికీ సరిపోతుంది. పావుకిలో చాలు, రెండు మూడు వారాలు దాటితే వాసన పోతుంది.

శ్రీబాగ్

మైలాపూర్ అంటే అరవ ఊరు అన్నట్టే మాట్లాడుతున్నారు అందరూ. లజ్ చర్చ్ రోడ్డులో ఉన్న నాగేశ్వరరావు పార్కు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీదే. అమృతాంజనం, ఆంధ్రపత్రిక ఆయనవే. రాయలసీమ, కోస్తా నాయకులు 1937 నవంబర్ 16న ఒప్పందం చేసుకున్నది ఈ పక్కనే ఆయన ఇల్లు శ్రీబాగ్‌లో. పార్కులో బెంచీలున్నాయి, నేల చదును, పెద్దవాళ్ళకి ఉదయం గంటసేపు హాయి. ఆ రోడ్డు మీంచే 1516 నాటి లజ్ చర్చికి దారి, ఇది శాంథోమ్ బసిలికా కంటే చిన్నది, నిశ్శబ్దంగా ఉంటుంది.

రాయపేట హై రోడ్డు 126వ నంబరులో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం. బులుసు సాంబమూర్తి గారి ఇల్లు అది. 1952 అక్టోబర్ 19న దీక్ష మొదలైందీ, డిసెంబర్ 15 రాత్రి ఆయన ప్రాణం పోయిందీ అక్కడే. అకాడమీకి వెళ్ళేటప్పుడు ఆ దారిన పొమ్మంటే ఐదు నిమిషాలు అటూ ఇటూ.

కచ్చేరి రోడ్డు పట్టుకుని తూర్పుకి పోతే శాంథోమ్ బసిలికా. ఇప్పుడున్న కట్టడం 1890లలో కట్టింది. కింద సమాధి గది ఉంది, దిగడానికి మెట్లు. అదే రోడ్డులో డబ్బా చెట్టి కొట్టు: శొంఠి, పిప్పళ్ళు, లేహ్యం సరుకులు విడివిడిగా కట్టిస్తారు.

జడబిళ్ళ

నగల విషయం ఎవరూ చెప్పలేదు. డాన్సు నగల కొట్లు నార్త్ మాడ వీధి చుట్టుపక్కలే. పూర్తి సెట్ అంటే పాపిడి బిళ్ళ, సూర్యుడు–చంద్రుడు, రాగిడి, మాటీలు (చెవి నగని జుట్టుకి తగిలించే గొలుసులు), జుంకాలు, ముక్కుపుడక, బులాకీ, అడ్డిగ, పొడుగు హారం, వంకీలు, వడ్డాణం. కొట్టువాళ్ళు భరతనాట్యం సెట్ చూపిస్తారు. కూచిపూడికి జడ అలంకారం వేరు కాబట్టి ముందు గురువుగారిని అడిగి జాబితా రాయించుకోండి, జడ సామాను విడిగా కొనండి.

వడ్డాణం కొలత ఒంటి మీద కాదు, డ్రస్సు మీద తీయాలి. ఈ ఒక్క పొరపాటుతోనే ఎక్కువమంది మళ్ళీ కొంటారు. ఎదిగే పిల్లైతే వెనక గొలుసుకి అదనపు రింగులు పెట్టించుకోండి. కెంపురాళ్ళ వరసని వేలితో నొక్కి చూడండి, కదిలే రాయి మొదటి ప్రదర్శన చెమటకే ఊడుతుంది. జుంకాల బరువు చెవికి కాదు, మాటీకి పడాలి. కొట్టులోనే పెట్టి తల ఊపించి చూడండి. ఇంటికెళ్ళాక ఏ నగకానగ దూదిలో చుట్టి విడిగా దాచాలి, సెంటు తగలకూడదు.

సాయంత్రం ఆరు తర్వాత ఆ వీధిలో కొట్టువాళ్ళకి మాట్లాడే తీరిక ఉండదు. పదకొండింటికి వెళ్ళండి.

ఒంగోలు_రైలు

అందరికీ ధన్యవాదాలు. అయితే ఇలా అనుకుంటున్నా: తెల్లవారి ముగ్గులు, గుడి, టిఫిను, పదకొండింటికి నగలు, పన్నెండింటి కచేరీ, సాయంత్రం కోనేరు. వాన పడితే?

మాడవీధి

నగలూ పన్నెండింటి కచేరీ ఒకే రోజు పెట్టకండి, నగలకి గంటన్నర ఖాయం. నగల రోజు మధ్యాహ్నం భోంచేసి గదిలో పడుకోండి, సాయంత్రం కోనేరు చూసుకుని విద్యాభవన్‌లో కచేరీకి వెళ్ళండి, అక్కడికి నడకే. డిసెంబర్ చివరికి ఈశాన్య వానలు తగ్గుముఖం పడతాయి కానీ ఒక్కోసారి గట్టిగా కురుస్తుంది. సభలు వానకి రద్దు కావు. మాడ వీధుల్లో మాత్రం నీళ్ళు నిలుస్తాయి, మూతల్లేని గుంతలు కనపడవు. ఆ పూట ఆటోని సభ గుమ్మం దాకా రమ్మనండి, గుడి మర్నాటికి మార్చుకోండి.