వరుసగా 4 సూపర్‌బౌల్‌లు ఆడిన బిల్స్‌ను డైనాస్టీ అనొచ్చా?

ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) బాగా ఫాలో అయ్యేవాళ్లు కాస్త చెప్పండి. ఒక టీమ్‌ను డైనాస్టీ (ఓ కాలాన్ని ఏలిన టీమ్) అనాలంటే టైటిళ్లే లెక్కా, ఏళ్ల తరబడి పైస్థాయిలో నిలబడటం కూడా లెక్కలోకి వస్తుందా?

స్టీలర్స్ విషయంలో పేచీ లేదు. 1974 నుంచి 1979 వరకు 6 సీజన్లలో 4 టైటిళ్లు. నన్ను తొలిచేది బఫెలో బిల్స్. 1990 నుంచి 1993 దాకా వరుసగా 4 సీజన్లు సూపర్‌బౌల్‌కి (టైటిల్ తేల్చే ఫైనల్‌కి) వెళ్లారు, అలా ఇంకెవరూ వెళ్లలేదు. నాలుగూ ఓడారు. మొదటిది జెయింట్స్ చేతిలో 20-19తో పోయింది. ఆఖరి సెకన్లలో బిల్స్ కిక్కర్ స్కాట్ నార్‌వుడ్ 47 గజాల నుంచి కొట్టిన కిక్ గోల్‌పోస్టుకి కుడి పక్క నుంచి వెళ్లిపోయింది. ఆ వీడియో ఎప్పుడు చూసినా ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంకో సందేహం. 1994లో సాలరీ క్యాప్ (ఒక్కో టీమ్ జీతాల ఖర్చుకి పరిమితి) వచ్చాక మంచి ఆటగాళ్లందర్నీ ఒకేచోట అట్టిపెట్టుకోవడం కష్టమైపోయింది. మరి 2001-2018 మధ్య ప్యాట్రియట్స్ గెలిచిన 6 టైటిళ్లను ఒకే డైనాస్టీగా చూడాలా, రెండుగానా? 2004 సీజన్ తర్వాత మళ్లీ 2014 దాకా టైటిల్ లేదు, కానీ కోచ్ బెలిచిక్, క్వార్టర్‌బ్యాక్ బ్రేడీ వాళ్లే. నాకైతే ఒకటే అనిపిస్తుంది.

మీరు దేన్ని బట్టి తేలుస్తారు? ఆ రోజుల్లో బిల్స్ ఆట లైవ్‌లో చూసినవాళ్లుంటే, అప్పట్లో జనం వాళ్ల గురించి ఏమనుకునేవారో కూడా రాయండి.