పీఎస్‌పీ 3000 బ్యాటరీ ఉబ్బింది: 3600 ఎంఏహెచ్ అని రాసి ఉన్న ప్యాక్ కొనవచ్చునా?

ప్రశ్న (దేవరకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా అన్న 2010లో దుబాయి నుంచి వస్తూ తెచ్చిన పీఎస్‌పీ 3000 (సోనీ వాళ్ల, చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ యంత్రం) ఇప్పుడు మా అబ్బాయి చేతికి వచ్చింది. చాలా ఏళ్లు అలమారలోనే పడి ఉన్నా, బయటికి తీసిన కొత్తలో గంటన్నర దాకా ఆడనిచ్చేది. మాది రేకుల కప్పు గది. పోయిన మే నెలంతా అబ్బాయి దాన్ని రాత్రింబగళ్లు ఛార్జింగ్‌లోనే ఉంచాడు. ఆ తరువాత వెనుక మూత దానంతట అదే లేవడం మొదలైంది. ఎంత నొక్కినా నిలవకపోవడంతో తీసి చూస్తే, బ్యాటరీ నానబెట్టిన శనగగింజలాగా ఉబ్బి ఉన్నది. బల్ల మీద పెట్టి వేలితో తోస్తే బొంగరంలాగా తిరుగుతున్నది.

నల్లగొండ బస్టాండు దగ్గర ఒక దుకాణంలో అడిగితే రెండు ప్యాక్‌లు చూపించారు. ఒకదాని మీద 1200 ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత ఛార్జ్ పట్టుకుంటుందో చెప్పే అంకె) అని, రెండోదాని మీద 3600 అని ఉన్నది. మందం రెండింటిదీ ఒకటే, ధరలో మాత్రం రెండో రకం దాదాపు రెట్టింపు. ఇది కాక, మహబూబ్‌నగర్‌లోని నా మిత్రుని వద్ద పీఎస్‌పీ 1000కు చెందిన 1800 బ్యాటరీ ఒకటి ఉన్నది. వీటిలో ఏది తీసుకోవాలి? ఉబ్బినదాన్ని ఇంట్లోంచి తీసేయమని ఇంటావిడ రోజూ అంటున్నది, దాన్ని ఎక్కడ వేయాలో కూడా చెప్పగలరు.

జవాబు 1 (మిర్యాలగూడ, సెల్‌ఫోన్ల మరమ్మతు)

కొనుగోలు సంగతి తరువాత, ముందు ఆ ఉబ్బిన బ్యాటరీ సంగతి చూడండి. లోపలి ద్రావణం విచ్ఛిన్నమై వాయువు పుట్టడం వల్ల పొట్ట ఉబ్బుతుంది, దాన్ని మళ్లీ లోపలికి నొక్కే మార్గం లేదు. వేడి ఒక కారణం, నిండా ఛార్జ్ అయిన స్థితిలోనే రోజుల తరబడి ఉంచడం రెండో కారణం, మీ ఇంట్లో ఆ రెండూ కలిశాయి. దాన్ని మళ్లీ యంత్రంలో పెట్టవద్దు, ఛార్జ్ చేయవద్దు, గాలి తీద్దామని సూదితో అసలే పొడవవద్దు. గాలి పోతుందని ఒకాయన పొడిచి, మా దుకాణంలో బల్ల కాల్చి వెళ్లాడు.

లోహపు చుక్కలు కనిపించే చోట టేపు అంటించి, పొడి ఇసుక పోసిన రేకు డబ్బాలో వేసి, ఎండ తగలని చోట పెట్టండి. మున్సిపాలిటీ చెత్త బండిలో వేయవద్దు, చెత్తను అదిమేటప్పుడు అంటుకోవచ్చు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడినవారు దాన్ని మిగతా చెత్తతో కలపకుండా సేకరణ చేసేవారికి ఇవ్వాలి. కొత్తది దొరికేదాకా బ్యాటరీ తీసేసి నేరుగా అడాప్టర్ మీద ఆడించవచ్చు, పీఎస్‌పీ అలా కూడా పనిచేస్తుంది. తీగ ఊడితే మాత్రం ఆట అక్కడికక్కడే ఆగిపోతుందని అబ్బాయికి చెప్పి ఉంచండి.

జవాబు 2 (మహబూబ్‌నగర్ నుంచి)

3600ను అక్కడే వదిలేయండి. అది బ్యాటరీలో ఉన్న అంకె కాదు, స్టిక్కర్ అచ్చు వేసినవారికి తోచిన అంకె. 3000 మోడల్‌తో కంపెనీ ఇచ్చిన బ్యాటరీ 3.6 వోల్టులు, 1200 ఎంఏహెచ్, అంటే అందులో పట్టే శక్తి 4.32 వాట్ అవర్లు. 1000 మోడల్‌ది అదే వోల్టేజీతో 1800, అంటే సుమారు 6.5 వాట్ అవర్లు, అందుకే అది అంత లావు. సన్నని మోడళ్ల కోసం తయారీదారులే 2200 ఎంఏహెచ్ ప్యాక్ ఒకటి అమ్మినప్పుడు, పాత మూత కింద పట్టదు కనుక వెనక్కి ఉబ్బెత్తుగా ఉండే వేరే మూతను దానితో పాటే ఇవ్వవలసి వచ్చింది. తయారుచేసినవారికే 2200 పట్టని చోట, అదే మందంలో 3600 ఎలా పడుతుందో ఆ దుకాణదారునే అడగండి.

నేను కూడా ఒకసారి ఈ అంకె చూసే మోసపోయాను. ఛార్జర్‌కు, యంత్రానికి మధ్య చిన్న యూఎస్‌బీ మీటరు పెట్టి ఖాళీ నుంచి నిండేదాకా చూస్తే, 3600 అన్న ప్యాక్‌లోకి 900 కూడా ఎక్కలేదు. మీ దగ్గర మీటరు లేకపోతే తూకం చాలు. బంగారం దుకాణంలోని కాంటా మీద రెండింటినీ పెట్టించండి. ఎక్కువ శక్తి పట్టాలంటే లోపల ఎక్కువ పదార్థం ఉండాలి, కనుక మూడింతలు పట్టే బ్యాటరీ తేలికగా ఉండే అవకాశమే లేదు.

"ఒరిజినల్" అన్న మాటకు కూడా ఎక్కువ డబ్బు పెట్టవద్దు. పీఎస్‌పీ తయారీ 2014లోనే ఆగిపోయింది. నిజంగా ఆనాటి కంపెనీ సరుకే దొరికినా, అది పదేళ్లకు పైగా పెట్టెలో ముసలిదైన బ్యాటరీ. లిథియం బ్యాటరీ వాడకపోయినా అరుగుతుంది. పేరు పెద్దగా లేకున్నా ఈమధ్య తయారైన 1200 ప్యాక్ దానికన్నా మేలు. మన దేశంలో అమ్మే లిథియం ప్యాక్ మీద ఐఎస్ 16046 అనే ప్రమాణం సంఖ్య, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే నమోదు నిజమో కాదో తెలుస్తుంది.

మీ మిత్రుని 1800 బ్యాటరీ విద్యుత్తు పరంగా సరిపోతుంది కానీ మూత పడదు. మూత లేకుండా పిల్లవాని చేతికి ఇవ్వడం నాకు నచ్చదు. పైగా దాని వయసు మీ ఉబ్బినదాని కన్నా తక్కువేమీ కాకపోవచ్చు.

జవాబు 3 (వనపర్తి నుంచి)

బ్యాటరీ మీద ఇంత పరిశోధన అవసరమా అని నా అనుమానం. 5 వోల్టుల పవర్ బ్యాంక్‌కు, పీఎస్‌పీ గుండ్రటి పిన్నుకు సరిపోయే తీగ ఒకటి కొంటే కరెంటు పోయినా ఆడుకోవచ్చు. ఆట మెమరీ స్టిక్ మీద ఉంటే డిస్కు తిప్పే మోటారు ఖర్చు తప్పుతుంది, వైఫై మీట ఆపి వెలుతురు ఒక మెట్టు తగ్గిస్తే ఇంకొంత మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. 3600ది కాంటా మీద పెట్టమని అడిగితే దుకాణదారు కొంత చిరాకుపడినా, పక్కనే ఉన్న బంగారం దుకాణానికి తనే తీసుకువెళ్లారు. 1200ది దానికన్నా రెండు గ్రాములు ఎక్కువే తూగింది. ఆయన కూడా కాసేపు రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా 1200ది నా చేతిలో పెట్టారు. దాని నమోదు సంఖ్య యాప్‌లో సరిగానే వచ్చింది. నిన్న నిండా ఛార్జ్ చేసి ఇస్తే మూడు గంటల పది నిమిషాలు నడిచింది. వనపర్తి మిత్రుడు చెప్పిన తీగ కూడా తెప్పిస్తాను, మా ఊళ్లో సాయంత్రం కరెంటుకు అది అవసరమే. పాతది ఇసుక డబ్బాలో, మెట్ల కింద నీడలో ఉన్నది. వచ్చే వారం హైదరాబాద్ వెళ్లినప్పుడు పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చి వస్తాను. మూత ఇప్పుడు నొక్కకుండానే పడుతున్నది.