పాత కారు ముందు సస్పెన్షన్: సెట్ మొత్తం మార్చాలా, లోపం తేలిన భాగమే మార్చాలా?

ఏపీ 24 బండి
మా ఇంట్లో 2009లో కొన్న పెట్రోలు స్విఫ్ట్ ఉంది. పదిహేనేళ్లు నిండగానే రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకున్నాం కాబట్టి ఇప్పట్లో దాన్ని అమ్మే ఆలోచన లేదు. నల్లగొండ నుంచి దేవరకొండ వైపు వెళ్లేటప్పుడు స్పీడ్ బ్రేకర్ మీదికి ఒక చక్రం ముందుగా ఎక్కితే ముందు ఎడమ వైపు టక్కుమని చప్పుడు వస్తోంది. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కితే అంతగా రావడం లేదు. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక బండి ఎడమకు లాగుతోంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను పూర్తిగా వెనక్కి రావడం లేదు. చూపించిన గ్యారేజీలో బండిని జాకీ మీద ఎత్తకుండానే ముందు షాక్ అబ్జార్బర్లు, వాటిని పైన బాడీకి పట్టి ఉంచే స్ట్రట్ మౌంట్లు, చక్రాలను కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు, లింక్ రాడ్లు, చక్రాలను తిప్పే టై రాడ్ ఎండ్లు, స్టీరింగ్ రాక్ అన్నీ ఒకేసారి మార్చాలన్నారు. మా బావగారేమో ఒక్కొక్కటే మార్చి చూడమంటున్నారు. ఈ రెండింటిలో ఏది సరైన పద్ధతో అనుభవజ్ఞులు చెప్పగలరు.

పాలమూరు పాతబండి
గ్యారేజీ వారు ఎత్తి చూడకపోవడం తప్పే, అయినా వారు చెప్పిన పని మాత్రం సరైనదేనని నా అభిప్రాయం. లోహ భాగాలు కలిసే చోట ఉండే రబ్బరు బుష్‌లు తిరిగిన కిలోమీటర్లను బట్టే కాక వయసును బట్టి కూడా గట్టిపడి పగులుతాయి. మన ఎండలకు ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. ఒకే రోజు ఫ్యాక్టరీలో బిగించిన బుష్‌లలో ఒకటి పోయిందంటే మిగతావి కూడా దాదాపు ఆ దశలోనే ఉంటాయి. ఒకదాన్ని కొత్తది వేయగానే అంతవరకు దాని చప్పుడులో కలిసిపోయిన పక్క భాగం వదులు బయటపడుతుంది. అప్పుడు మళ్లీ గ్యారేజీకి వెళ్లాలి, మళ్లీ విప్పుడు కూలీ, మళ్లీ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించే) ఖర్చు. కల్వకుర్తి, మన్ననూరు మీదుగా శ్రీశైలం ఘాట్ దిగే వారెవరైనా అరిగిన బుష్‌లతో మలుపులో బ్రేకు నొక్కితే బండి ముందు భాగం ఎలా జరుగుతుందో గమనించే ఉంటారు. పాత బండిని ఉంచుకోదలచుకున్న వారు ఒక్కసారి ఖర్చు పెట్టి నిశ్చింతగా ఉండడమే మేలు.

మిర్యాలగూడ రోడ్డు
పాతబండి గారు రబ్బరు గురించి చెప్పింది నిజమే, కానీ అడిగిన ప్రశ్నలోనే సగం జవాబు ఉన్నదని వారు గమనించలేదు. ఒక చక్రం ముందుగా ఎక్కితే చప్పుడు, రెండూ కలిసి ఎక్కితే లేదు అన్నారు. ముందు రెండు పక్కలనూ లింక్ రాడ్ల ద్వారా కలిపే కడ్డీ స్టెబిలైజర్ బార్. రెండు చక్రాలూ సమానంగా లేచినప్పుడు అది మెలితిరగదు. ఒకటి లేచి మరొకటి కిందనే ఉన్నప్పుడే దాని మీద బలం పడుతుంది. కాబట్టి మొదటి అనుమానం లింక్ రాడ్ల మీద, ఆ బార్‌ను పట్టి ఉంచే బుష్‌ల మీద పడాలి. ఇవి ముందు సస్పెన్షన్‌లో అన్నిటికంటే చవకైన భాగాలు. రెండు లింక్ రాడ్లనూ విప్పి, ఊగకుండా పక్కకు కట్టి, అదే స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా నడిపితే చప్పుడు పోయిందో లేదో తేలిపోతుంది. అలా విప్పిన బండి మలుపుల్లో ఎక్కువగా ఒరుగుతుంది కాబట్టి హైవే మీదికి మాత్రం తీసుకుపోవద్దు. జాకీ మీద ఎత్తి చక్రాలను వేలాడదీసి లింక్ రాడ్‌ను చేత్తో ఊపి బాగానే ఉందనుకునే వారు చాలామంది ఉన్నారు. ఆ స్థితిలో జాయింట్ ఒక పక్కకు బిగుసుకొని ఉండి వదులు దాగిపోవచ్చు. బరువు చక్రాల మీద ఉండగా, ర్యాంపు మీద నిలిపి చూడడమే సరైన పరీక్ష.

స్టీరింగ్ తిరిగి రాకపోవడం వేరే వ్యవహారం. అరిగిన భాగం వదులవుతుంది, కానీ ఇక్కడ ఏదో బిగుసుకుంటోంది. స్ట్రట్ (షాక్, స్ప్రింగు కలిసిన భాగం) పైనున్న బేరింగ్ మట్టి, తుప్పు పట్టి బిగుసుకున్నా, కింద లోయర్ ఆర్మ్ చివరి బాల్ జాయింట్‌లో గ్రీజు ఎండిపోయినా ఇలాగే ఉంటుంది. ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా మరొకరు ముందు స్ప్రింగు మీద చేయి ఆనించాలి. స్ప్రింగు సాఫీగా తిరగకుండా మెలితిరిగి ఒక్కసారిగా జారితే తప్పు పైబేరింగ్‌ది. అది తేలకపోతే బండిని స్టాండ్ల మీద నిలిపి, టై రాడ్ ఎండ్లను విడదీసి, ఒక్కో చక్రాన్ని విడిగా చేత్తో తిప్పితే ఏ పక్క బిగువుగా ఉందో తెలుస్తుంది. రెండు పక్కలూ తేలిగ్గా తిరిగి స్టీరింగ్ మాత్రమే బరువుగా ఉంటే అప్పుడు రాక్‌నో, స్టీరింగ్ కాలమ్ జాయింట్‌నో అనుమానించాలి. ఇంత పరీక్ష జరగకుండా రాక్ మార్చమనడం, అదీ జాబితాలోని అత్యంత ఖరీదైన భాగాలలో ఒకదాన్ని, నాకు మింగుడుపడడం లేదు.

జడ్చర్ల చక్రం
లాగడం గురించి ఒక్క మాట. గాలి సమానంగా నింపి, ముందు రెండు టైర్లనూ ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి చూడండి. లాగుడు కుడికి మారితే దోషం టైరుది, సస్పెన్షన్‌ది కాదు. టైరు పక్కన ఉండే నాలుగంకెలు కూడా చూడండి. 2318 అని ఉంటే అది 2018లో 23వ వారంలో తయారైనది. మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమకు కొద్దిగా వాలి ఉంటాయి కాబట్టి స్వల్పంగా ఎడమకు పోవడం సహజమే. ఆ వాలుకు మించి లాగుతోందా అన్నదే చూడాలి. హైవే దిగాక ముందు చక్రాల దగ్గర చేయి పెట్టి చూస్తే (రిమ్ముకు తాకించకుండా) ఒకటి బాగా వేడెక్కి ఉందంటే బ్రేకు ప్యాడ్ వదలడం లేదని అర్థం.

పాలమూరు పాతబండి
రాక్ విషయంలో మిర్యాలగూడ వారితో ఏకీభవిస్తాను. మిగతా వాటిలో నా మాట మార్చుకోను. మీరు చెప్పిన పరీక్షలన్నీ ఓపికగా చేసే మెకానిక్ జిల్లాలో ఎందరున్నారు? పరీక్షకు గంటల కొద్దీ సమయం పెట్టిన వారికి ఎవరూ డబ్బులివ్వరు, భాగం మారిస్తేనే ఇస్తారు. కాబట్టి వారు భాగాలు మారుస్తారు. ఇంకొకటి, మన సింగిల్ రోడ్ల మీద ఎదురుగా లారీ వస్తే ఎడమ చక్రాలను మట్టిలోకి దించాల్సిందే. వరి కోతలప్పుడు సగం రోడ్డు వడ్లకే పోతుంది. అందుకని ఎడమ పక్క ముందుగా అరుగుతుంది, నిజమే, కానీ ఎడమ షాక్ ఒక్కటే కొత్తది వేస్తే బండి రెండు పక్కలా రెండు రకాలుగా ఊగుతుంది కదా.

మిర్యాలగూడ రోడ్డు
షాక్‌లను జంటగానే మార్చాలి, ఆ విషయంలో తేడా లేదు. నా వాదన జంట గురించి కాదు, జాబితా గురించి. ఒకదాని కోసం విప్పితే ఏవి చేతికి వస్తాయో వాటిని కలిపి మార్చడం న్యాయం: స్ట్రట్ దించినప్పుడు షాక్, మౌంట్, పైబేరింగ్, రబ్బరు బఫర్ అన్నీ బయటికి వస్తాయి, అక్కడ పాత మౌంట్‌ను తిరిగి బిగించడం నిజంగానే డబ్బు దండగ. లోయర్ ఆర్మ్ వేరే పని. దానికి విడి కారణం కనిపించాలి: బ్రేకు నొక్కినప్పుడు ముందు చక్రం వెనక్కి జరగడం, బుష్ రబ్బరు లోహం నుంచి విడిపోవడం, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే బాల్ జాయింట్‌లో కదలిక కనిపించడం. వీటిలో చివరిది కనిపిస్తే వాయిదా వేయకూడదు, జాయింట్ ఊడితే చక్రం ఒరిగిపోతుంది.

లోయర్ ఆర్మ్ మార్చాల్సి వస్తే ఒక సంగతి మెకానిక్‌కు ముందే చెప్పండి. బుష్ బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే బండి నేల మీద నిలిచిన క్షణం నుంచే రబ్బరు మెలితిరిగి ఉంటుంది, కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. ఆ తరువాత నాసిరకం సరుకని అంగడివారిని నిందిస్తాం. వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీదికి వచ్చాకే చివరి బిగింపు ఇవ్వాలి. పాతబండి గారు కోరినట్టు అన్నీ ఒకే రోజు మార్చే గ్యారేజీలో తొందరలో దాటిపోయేది సరిగ్గా ఈ పనే.

ఏపీ 24 బండి
అందరికీ ధన్యవాదాలు. రేపు ముందుగా టైర్లు అటూ ఇటూ మార్పిస్తాను, ఆ తరువాత లింక్ రాడ్ల పరీక్ష. అలైన్‌మెంట్‌కు వెళ్లాలా, ఇప్పుడే వద్దా?

జడ్చర్ల చక్రం
వెళ్లండి, కానీ సరిచేయకముందు ఉన్న కొలతలను కాగితం మీద అడిగి తీసుకోండి. ఇలాంటి చిన్న కార్లలో వారు మార్చగలిగేది సాధారణంగా టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. కాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) కుడి ఎడమలకు బాగా తేడాగా ఉంటే ఎక్కడో ఆర్మ్ వంగిందనో, బుష్ జరిగిందనో అర్థం. బండి తక్కువ కాస్టర్ ఉన్న వైపుకే లాగుతుంది.

పాలమూరు పాతబండి
ఆ కాగితం ఇక్కడ పెట్టండి. ఎడమ కాస్టర్ తక్కువగా వస్తే లోయర్ ఆర్మ్‌లు రెండూ మార్చమనే చెబుతాను. మిర్యాలగూడ వారు ఒకటే చాలంటారని తెలుసు, ఆ వాదన అప్పుడు చేసుకుందాం.