విజ్జీ క్రికెట్ వ్యాఖ్యానం గురించి తెలిసినవారి సహాయం కోరుతున్నాను

విజయనగర రాజకుటుంబానికి చెందిన పూసపాటి విజయానంద గజపతిరాజు గారి (విజ్జీ) రేడియో వ్యాఖ్యాన జీవితంపై ఒక సమగ్ర వ్యాసం రాస్తున్నాను. 1936లో ఇంగ్లండులో పర్యటించిన భారత జట్టుకు ఆయన నాయకత్వం వహించిన తీరుపైనా, ఆ పర్యటనలో లాలా అమర్‌నాథ్‌ను అర్ధాంతరంగా స్వదేశానికి పంపించివేసిన వివాదంపైనా కావలసినంత సమాచారం దొరుకుతున్నది. కానీ ఆ తరువాతి కాలంలో మైక్రోఫోను ముందు కూర్చుని, మైదానాన్ని చూడలేని శ్రోతలకు ఆటను కళ్లకు కట్టించిన వ్యాఖ్యాతగా ఆయనను పరిచయం చేసే రచనలు చాలా తక్కువ. 1959లో భారత జట్టు ఇంగ్లండు వెళ్లినప్పుడు బీబీసీ ఆయనను అతిథి వ్యాఖ్యాతగా ఆహ్వానించింది. ఇది చిన్న గౌరవం కాదని నా అభిప్రాయం.

ఆయన వ్యాఖ్యానాన్ని స్వయంగా విన్న పెద్దలు మీ ఇళ్లలో ఉన్నారా? బౌలరు పరుగు మొదలుపెట్టినప్పటి నుంచి బంతి బౌండరీ దాటేవరకు ఆయన ఎలా వర్ణించేవారు, ఓవర్ల మధ్య ఖాళీలో పాత ముచ్చట్లు చెప్పేవారా, స్కోరును తరచుగా గుర్తుచేసేవారా అన్న వివరాలు నాకు ఎంతో అవసరం. ధ్వనిముద్రణలు గానీ, 1950ల నాటి తెలుగు పత్రికల కత్తిరింపులు గానీ ఎక్కడ చూడవచ్చో దయచేసి తెలియజేయండి.