అప్‌డేట్: తమ్ముడు నిన్న ఇంటికొచ్చాడు

బెయిల్ వచ్చినా ఇద్దరు జామీనుదారులు (వాయిదాలకు వస్తాడని పూచీ పడేవాళ్లు) దొరక్క తమ్ముడు జైల్లోనే ఉన్నాడని పోయిన నెల అడిగాను కదా. చిత్తూరులో మాకు సొంత ఇల్లు లేదు. ఇంటి పన్ను రసీదు, ఆధార్ పట్టుకుని మామ ఒక్కడే వచ్చాడు. రెండో మనిషి కోసం ఎన్ని గడపలు తొక్కానో!

మీరు చెప్పినట్టే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. వాళ్లిచ్చిన లాయర్ గారు ఫీజు తీసుకోలేదు. నెలలోపు జామీను పెట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే పరిశీలించవచ్చన్న 2023 జనవరి 31 నాటి సుప్రీంకోర్టు ఆదేశం చూపించి పిటిషన్ వేశారు. జడ్జిగారు ఒక్క జామీను చాలన్నారు.

బాండులో (పూచీ పత్రంలో) రాసిన డబ్బు ముందే కట్టాలేమోనని అమ్మ కమ్మలు తాకట్టు పెట్టబోయింది. మాకు అక్కర్లేకపోయింది. వాయిదాకు రాకుండా పోతేనే ఆ మొత్తం వసూలు చేస్తారట.

గేటు దాటగానే తమ్ముడు మామ చెయ్యి పట్టుకుని, ఇంటిదాకా వదల్లేదు.