అప్‌డేట్: ఉద్దానంలో మా రక్తపరీక్షల శిబిరాలు, తిరిగి చూసిన రిజిస్టర్లు

మూత్రపిండాల జబ్బు ఎక్కువగా కనిపించే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట మండలాల్లో మా చిన్న సంస్థ నడిపే మూత్రపిండాల పరీక్షా శిబిరాలు నిజంగా ఉపయోగపడుతున్నాయో లేదో రిజిస్టర్లను బట్టి ఎలా తెలుసుకోవాలని ఇదివరకు అడిగాను. ఎన్ని శిబిరాలు పెట్టామని కాక ఎంతమంది మనుషులకు పరీక్ష జరిగిందో లెక్కపెట్టమని అప్పుడు వచ్చిన సలహాను ముందుగా పాటించాము.

ఒక్కసారి సీరం క్రియాటినిన్ (మూత్రపిండాలు రక్తం నుంచి వడకట్టాల్సిన వ్యర్థపదార్థం) ఎక్కువగా కనబడినంత మాత్రాన దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి అని నిర్ధారించరు. ఆ లోపం కనీసం 3 నెలలు కొనసాగినట్టు తేలాలి. కాబట్టి మాకు అసలు ముఖ్యమైన అంకె రెండో పరీక్షకు తిరిగి వచ్చినవారి సంఖ్యే. ఇన్నేళ్లుగా దాతలకు పంపిన నివేదికల్లో ఆ గడే లేదని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది పేర్లు సరిపోల్చడానికి. ఒకే మనిషి ఒకచోట ఇంటిపేరుతో, మరొకచోట ముద్దుపేరుతో నమోదై ఉన్నారు. ఈజీఎఫ్‌ఆర్ (మూత్రపిండాలు రక్తాన్ని ఎంత వేగంగా వడకడుతున్నాయో చెప్పే అంచనా) లెక్కకు క్రియాటినిన్‌తో పాటు వయసు, లింగం తప్పనిసరి కాగా, పాత పుటల్లో వయసు గడి చాలాచోట్ల ఖాళీగా ఉంది. ఇప్పుడు ప్రతి ఒక్కరికీ నంబరు గల కార్డు ఇస్తున్నాము. దాతల నివేదికల్లో పేర్లు వేయడం మానేశాము.

తిరిగి రానివారిలో ఎక్కువమంది జీడిపప్పు పరిశ్రమల్లోనూ కొబ్బరి తోటల్లోనూ రోజుకూలికి వెళ్లేవారే. మేము శిబిరం పెట్టింది ఉదయం 10 గంటలకు! అందుకే వేళను సాయంత్రానికి మార్చాము. దాని ఫలితం చెప్పడానికి ఇంకా 3 నెలల గడువు పూర్తి కాలేదు.